రెండు ఖాళీలు ఒకటేనా? డేటాబేస్‌లలో యూనిక్ నిబంధన పరిణామం

ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించిన రిలేషనల్ నమూనాలో ఒక్కో వరుసను విడిగా గుర్తించడానికి ప్రైమరీ కీ, అంటే పునరావృతం కాని విలువ, ఉండాలి. తెలియని సమాచారాన్ని సూచించే ‘నల్’ అనే గుర్తుకు ఆయన 1979 నాటి పత్రంలో తార్కిక రూపం కల్పించారు. నల్ అంటే సున్నా కాదు. దానిని మరో నల్‌తో పోల్చితే వచ్చే ఫలితం నిజమూ కాదు, అబద్ధమూ కాదు, ‘తెలియదు’ అనే మూడో విలువ. క్రిస్ డేట్ వంటి పండితులు ఈ గుర్తునే వ్యతిరేకించారు.

ఒక కాలమ్‌లో విలువలు పునరావృతం కాకూడదనే నియమమే యూనిక్ నిబంధన. ఆ కాలమ్‌లో రెండు నల్‌లు ఉంటే అది పునరావృతమా కాదా అన్నదే చిక్కు. డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌కు 1986లో వచ్చిన ప్రమాణం యూనిక్ నిబంధన ఉన్న కాలమ్‌లో నల్‌ను నిషేధించి ఆ చిక్కును దాటవేసింది. 1992 ప్రమాణం ఆ నిషేధాన్ని ఎత్తివేసి, ఖాళీలు, అంటే నల్‌లు, ఎన్ని ఉన్నా, ఉన్న విలువలు మాత్రం పునరావృతం కాకూడదని చెప్పింది. అయితే అదే భాషలో డిస్టింక్ట్, గ్రూప్ బై ఆదేశాలు నల్‌లన్నింటినీ ఒకే గుంపులో చేరుస్తాయి. అసలు లోపం ఈ పొంతన లేనితనంలోనే ఉంది.

ఉత్పత్తులు దీనిని తలో తీరుగా అన్వయించాయి. ఒరాకిల్‌లో పూర్తిగా నల్ అయిన కీ, విలువలను వెతకడానికి వాడే సాధారణ ఇండెక్స్‌లోకే ఎక్కదు కనుక ఎన్ని ఖాళీలైనా చెల్లుతాయి. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ మాత్రం నల్‌లను సమానంగా లెక్కించడంతో, విద్యార్థుల పట్టికలో ఈమెయిల్ కాలమ్‌కు యూనిక్ నిబంధన పెడితే, ఈమెయిల్ లేని మొదటి విద్యార్థి నమోదై రెండో విద్యార్థి తిరస్కరణకు గురవుతాడు. దీనికి 2008 వెర్షన్‌లో, నల్ కాని వరుసలకే వర్తించే ఫిల్టర్డ్ ఇండెక్స్ పరిష్కారమైంది. అటువంటి పాక్షిక ఇండెక్స్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 7.2లో 2002లోనే వచ్చింది.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వాడుకదారులకు ఎదురైనది దీనికి విరుద్ధమైన ఇబ్బంది: ఇంటి నంబరు, ఫ్లాట్ నంబరు కలిపి యూనిక్‌గా ప్రకటించినా, ఫ్లాట్ నంబరు లేని ఇల్లు ఎన్నిసార్లయినా నమోదవుతుంది. 2022లో వెలువడిన 15వ వెర్షన్ నల్‌లను ఒకటిగా పరిగణించే ‘నల్స్ నాట్ డిస్టింక్ట్’ ఆదేశాన్ని అందించగా, 2023 ప్రమాణం రెండు తీరులనూ గుర్తించింది. అయితే ఏ తీరునూ పేర్కొనకపోతే ఏది అమలు కావాలో నిర్ణయించే అధికారాన్ని ఆ ప్రమాణం ఉత్పత్తిదారులకే వదిలేసింది.