నాపబండ మీద ముగ్గు, గడప మీద బంతి

మైలవరం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పల్లెల్లో దసరా ముస్తాబు సున్నంతో మొదలయ్యేది. కడప జిల్లాలో ఏడాది పొడుగునా కురిసేదే దాదాపు 700 మిల్లీమీటర్లు. అందులో పెద్ద వాటా ఆగస్టు నుంచి అక్టోబరు లోపలే పడిపోతుంది. మట్టి మిద్దెల కాలంలో ఆ వానలకు పైనున్న చవుడు కరిగి గోడల వెంట చారలు కట్టేది. వాన తెరిపి ఇచ్చి, ఎండ కాసి, గోడలు ఆరాక వచ్చే మొదటి పెద్ద పండగ దసరా. కాబట్టి ఇల్లు బాగుచేసుకోవడమూ అలంకరించుకోవడమూ ఇక్కడ ఒకే పనిగా సాగేవి. చారలు పడ్డ గోడకు సున్నం, గోడ అడుగున పట్టీగా ఎర్రమన్ను, గడపకు పసుపు.

వీటిలో చాలావరకు కాళ్ల కింద దొరికేవే. ఈ నేల అడుగున సున్నపురాయి పొరలు పొరలుగా పరచుకుని ఉంది. మైలవరం మండలం చిన్నకొమెర్లలో దాల్మియా, ఎర్రగుంట్ల చుట్టుపక్కల మరికొన్ని సిమెంటు కర్మాగారాలు వెలిసింది ఆ రాయి కోసమే. సిమెంటు రాకముందు దాన్ని బట్టీల్లో కాల్చి, నీళ్లు పోసి విరిపించి, గోడలకు పూసేవాళ్లు. తెలుపు మరింత మెరవాలని తొట్టిలో చిటికెడు నీలిమందు కలపడం తెలుగునాట అంతటా ఉన్న అలవాటు. నీలిమందు కూడా ఒకప్పుడు ఈ జిల్లా పంటే. బ్రిటిష్ అధికారి గ్రిబుల్ 1875లో కడప జిల్లా మాన్యువల్ రాసేనాటికి ఇక్కడి పొలాల్లో నీలి సాగు ముఖ్యమైనది. జర్మనీలో బీఏఎస్ఎఫ్ కంపెనీ 1897లో కృత్రిమ నీలిని అమ్మకానికి పెట్టాక ఆ సాగు కుదేలైంది.

ముగ్గు సంగతి ఇంకా ఆసక్తికరం. జమ్మలమడుగు ప్రాంతపు ఇళ్లలో అరుగులకూ వాకిళ్లకూ నాపబండలే పరుస్తారు. ఇదే పొరల రాయిని గునపంతో లేపి, పలకలుగా చీల్చి, కడప బండల పేరుతో దేశమంతా అమ్ముతారు. సొంత ఊళ్లో చౌక కాబట్టి పేదింటి వాకిలికీ అదే నేల. నల్లటి ఆ బండ కడిగి ఆరాక తెల్లటి పొడి గీత ఎంత సన్నగా తీసినా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పేడతో అలికిన నేల మీద ఆ పదును రాదు. ఇక పిండి విషయానికి వస్తే, పులివెందుల వైపు వేముల, వేల్పుల కొండల్లో తెల్లటి ముగ్గురాయి తీగలుగా దొరుకుతుంది. ఖనిజ శాస్త్రంలో దాని పేరు బెరైటీస్. ఒకప్పటి ఉమ్మడి కడప జిల్లా తూర్పున మంగంపేటలో ఉన్న ముగ్గురాయి నిక్షేపం ప్రపంచంలోని అతి పెద్దవాటిలో ఒకటి. మామూలు రాయి కన్నా ఎంతో బరువైన ఈ ఖనిజాన్ని చమురు బావులు తవ్వేటప్పుడు బురదలో కలుపుతారు. గల్ఫ్ ఎడారిలో రిగ్గుల అవసరం తీర్చే ఆ రాయిని చిటికెన వేలంత సన్నటి ధారగా వాకిట్లో వదలడం ఇక్కడి ఆడవాళ్లకు అంతకంటే పాత విద్య.

దసరా అనగానే చరిత్ర పుస్తకాలు రాజుల వైపు తిరుగుతాయి. అందులో తప్పు లేదు. మైలవరానికి దగ్గర్లోనే పెన్న ఒడ్డున ఉన్న గండికోట విజయనగరానికి కీలకమైన దుర్గం. దాన్ని ఏలిన పెమ్మసాని నాయకులు రాయల సైన్యంలో ముందు వరుసలో నిలిచినవాళ్లు. ఆ విజయనగరంలో మహానవమిని 1443లో పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ చూశాడు. అంతస్తుల మీద అంతస్తులుగా కట్టిన మండపాలూ, వాటి నిండా మనుషులవీ పక్షులవీ జంతువులవీ బొమ్మలూ చూసి అబ్బురపడ్డాడు. గులాబీలు ఆ నగరంలో జనానికి తిండితో సమానమని కూడా రాశాడు. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ తొమ్మిది రోజుల ఉత్సవాన్నీ, విలువైన బట్టలు చుట్టిన స్తంభాలనూ వర్ణించాడు. విజయనగరం కూలాక ఆ సంప్రదాయాన్ని రాజ ఒడయరు 1610లో శ్రీరంగపట్నంలో మళ్లీ నిలబెట్టాడు. అదే మైసూరు దసరాకు మొదలు.

ప్రొద్దుటూరును రెండో మైసూరు అంటారు. రాజు లేని ఊరు, పత్తి వ్యాపారంతో, బంగారు అంగళ్లతో పెరిగిన ఊరు. అక్కడ దసరాను మోసింది వర్తకులు. అమ్మవారిశాలలో వాసవీ కన్యకాపరమేశ్వరికి రోజుకో అలంకారం చేస్తారు. ధనలక్ష్మి అలంకారం నాడు కొత్త కరెన్సీ నోట్లు మడిచి, పూల ఆకారాలు కట్టి, గర్భగుడి గోడల దాకా అతికిస్తారు. చివర్లో తొట్టి మెరవణి అనే ఊరేగింపు. దాన్ని చూడటానికి జమ్మలమడుగు, మైలవరం పల్లెల నుంచి జనం తరలివస్తారు.

ఇంత వైభవం పక్కనే ఇళ్లలో మరో దసరా నడిచింది. పత్రికల కంట పడనిది అదే, అసలైన చేతిపనీ అదే. కోస్తాలో చాలా ఇళ్లు సంక్రాంతికి బొమ్మల కొలువు పెడితే, రాయలసీమలో అది దసరా ముచ్చట. మూడో, అయిదో, ఏడో, మెట్ల లెక్క బేసి. మెట్లు చేయించేవాళ్లు తక్కువ. ట్రంకు పెట్టెలు, కిరసనాయిలు డబ్బాలు, పిల్లల పుస్తకాలు పేర్చి మీద తెల్ల పంచె పరిస్తే అవే మెట్లు. పైన దేవుళ్లు, కింద మనుషులు, అందరికన్నా కింద అంగడి వీధి. మహానవమి నాడు రాజు ఎత్తున కూర్చుంటే మెట్ల మీద ఎవరి హోదాను బట్టి వాళ్లు నిలబడే దర్బారుకు ఇది నడింట్లోని చిన్న రూపం. ఎర్రచందనం ఈ జిల్లా కొండల చెట్టు కావడంతో కొలువులో జంటగా నిలిపే చెక్కబొమ్మలకూ దూరం పోనక్కర్లేదు. ఏటా ఒక్క బొమ్మ కొన్నా చాలు, పాతికేళ్లకు ఇల్లు నిండుతుంది. 1894లో బొంబాయిలో రవివర్మ ముద్రణాలయం మొదలయ్యాక అచ్చు పటాలు కూడా పై మెట్టుకు చేరాయి.

కొలువు కింద పిల్లల పొలం ఉండేది. పళ్లెంలో తడిమట్టి పోసి, పండగకు వారం ముందు రాగులు, ఆవాలు, మెంతులు చల్లితే దసరా నాటికి పచ్చగా లేచేవి. మధ్యలో అద్దం ముక్క పెడితే చెరువు. ఖర్చు దాదాపు సున్నా. పోపుల డబ్బాలోంచి అమ్మ చూడకుండా తీసిన గుప్పెడు గింజలంతే.

పూల చరిత్రలో ఒక మలుపు చాలామందికి కొత్తగా తోచవచ్చు. ఇవాళ దసరా గడప అంటే బంతిపూలే. కానీ బంతి పుట్టిల్లు మెక్సికో. పేస్ విజయనగరంలో ఉన్న రోజుల్లోనే, అటు 1519–21 మధ్య, స్పెయిన్ సైన్యాలు మెక్సికోను జయిస్తున్నాయి. అంటే అతను చూసిన మహానవమిలో బంతిదండ లేనట్టే. ఆ తర్వాతే అది ఓడలెక్కి సముద్రాలు దాటింది. మెక్సికోలో ఈనాటికీ నవంబరు మొదటి రెండు రోజుల్లో గతించిన పెద్దలకు బంతిపూలు పరుస్తారు. మనకు మహాలయ పక్షంలో పెద్దల తలపోత ముగిసిన మరునాడే దసరా మొదలు. చామంతిదీ ఈ కాలమే. రాత్రి నిడివి పెరిగితే తప్ప అది మొగ్గ తొడగదు. తెలంగాణ బతుకమ్మలో పేర్చే తంగేడు, గునుగు డబ్బు పెట్టి కొనాల్సిన పూలు కావు. ఒకటి బీడు భూమిది, మరొకటి జొన్నచేల కలుపు. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది గానీ పూల గంప మాత్రం పొలం గట్ల వెంటే నిండుతుంది.

ఇంటి ముంగిటికి పులివెందుల అరటి పిలకలు, మామిడాకులు. ఆకును తొడిమ దగ్గర మడిచి, చీపురుపుల్ల గుచ్చి, పురికొసకు తగిలిస్తే తోరణం. వాడినా ఆకు వెంటనే రాలదు, పండగంతా నిలుస్తుంది. ఇప్పుడు అంగళ్లలో ప్లాస్టిక్ మామిడాకులు, గుడ్డ బంతులు వేలాడుతున్నాయి. ఒకసారి కొంటే అయిదేళ్లు వస్తాయని కొనేవాళ్ల లెక్క. ఆ లెక్కలో ఇంటి బంతిని కలుపుకోవడం లేదు. దసరా దండను పారేయకుండా నీడలో ఆరబెడితే పువ్వుల్లో సన్నటి నల్ల విత్తనాలుంటాయి. హైబ్రిడ్ ముద్దబంతికి గింజ తక్కువ, నాటు రేకబంతికి ఎక్కువ. జూలైలో ఆ గింజలు పెరట్లో చల్లి, నాలుగు వారాలకు నారు తీసి నాటి, కుదురుకున్నాక తల తుంచితే పక్కకొమ్మలు గుబురుగా వస్తాయి. అక్టోబరులో వచ్చే దసరాకు పూలు సరిగ్గా చేతికి అందుతాయి. పండగ సెప్టెంబరులోనే పడే ఏడు మాత్రం జూన్ లోనే చల్లుకోవాలి.