సర్వీసు - ఒక మాట, అనేక అర్థాలు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయవలసిందిగా కార్యదర్శిగారు కోరారు. పెన్షను లెక్కల గురించీ, కరువు భత్యం గురించీ వ్రాయడానికి నాకంటె సమర్థులు ఉన్నారు. అందుచేత మనమంతా ఏళ్ళ తరబడి నిత్యం వాడిన ఒక ఇంగ్లీషు మాట పుట్టుపూర్వోత్తరాలు చెబుదామనుకున్నాను. ఆ మాట 'సర్వీసు'.

ఒక్కసారి ఆలోచించండి. "ఆయన సర్వీసు ఎంత?" అంటే ఉద్యోగం చేసిన కాలం. "ఆఖరి సర్వీసు వెళ్ళిపోయింది" అంటే బస్సు. "సర్వీసుకిచ్చాను" అంటే స్కూటరు మరమ్మతు. కరెంటు బిల్లు మీద సర్వీసు నంబరు, హోటల్లో సర్వీసు చార్జి, చర్చిలో ఆదివారం సర్వీసు, టెన్నిసులో తొలి దెబ్బ సర్వీసు. కోర్టు నోటీసు చేతికి అందడమూ సర్వీసే. ఇన్ని పనులు ఒక్క మాట ఎలా మోస్తోంది?

దీనికి మూలం లాటిన్‌లో ఉంది. 'సెర్వుస్' అంటే బానిస. 'సెర్విటియుం' అంటే బానిసత్వం, బానిసల సమూహం. రోమన్ల కాలంలో ఇది గౌరవప్రదమైన మాట కాదు. లాటిన్ నుంచి ఫ్రెంచిలోకి వెళ్ళి, 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత ఇంగ్లీషులో స్థిరపడింది. అక్కడ తొలినాళ్ళలో దానికున్న ముఖ్యమైన అర్థం దైవారాధన. క్రైస్తవులు తమను దేవుని దాసులుగా భావించుకునేవారు కనుక ప్రార్థన కూడా సర్వీసే అయింది. మన భక్తులు పేరు చివర 'దాసు' అని పెట్టుకోవడంలోని భావమూ ఇదే. యజమాని మారగానే మాటకు గౌరవం వచ్చింది.

ఇదే కుటుంబంలో మరికొన్ని మాటలున్నాయి. పోలీసు శాఖలోని 'సార్జెంటు' అంటే మొదట్లో సేవకుడే. భోజనానంతరం తినే 'డెజర్టు' వడ్డించినవన్నీ బల్లమీదనుంచి తీసివేయడం అనే ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. అన్నిటికంటె నాకు నచ్చినది 'డిజర్వ్' అనే క్రియ. దానికి మూలార్థం బాగా సేవ చేయడం. బాగా సేవ చేసినవాడు ప్రతిఫలానికి అర్హుడు అనే న్యాయం ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉంది.

మధ్యయుగాల ఇంగ్లండులో భూమికీ సర్వీసుకూ ముడి ఉండేది. యుద్ధ సమయంలో రాజుకు సైనిక సేవ చేసే షరతు మీద నైట్లు భూములు అనుభవించేవారు. 1660లో పార్లమెంటు ఆ పద్ధతిని రద్దు చేసింది. మనవాళ్ళకు ఇది అర్థం కావడం కష్టం కాదు. కరణానికీ, మునసబుకూ, తలారికీ, వెట్టికీ, గుడిలో పూజారికీ, భజంత్రీలకూ మాన్యాలు ఉండేవి. రెవెన్యూ రికార్డులలో వాటిని 'సర్వీసు ఇనాములు' అన్నారు. జీతం బదులు భూమి, భూమి బదులు సేవ. గ్రామసేవను గురించి మద్రాసు ప్రభుత్వం 1894, 1895లలో ప్రత్యేక చట్టాలే చేసింది. మన రాష్ట్రంలో వంశపారంపర్యపు గ్రామాధికారుల వ్యవస్థ 1984లో రద్దయింది.

ఇక మన 'సివిల్ సర్వీసు' సంగతి. ఈ మాటను వ్యాప్తిలోకి తెచ్చింది ఈస్టిండియా కంపెనీ. సైనికులు కాని తన నౌకర్లను సైనికుల నుంచి వేరుచేసి చెప్పడానికి 'సివిల్ సర్వెంట్లు' అన్నది. వారు మొదట వర్తకపు గుమాస్తాలే. రైటరు, ఫ్యాక్టరు, జూనియర్ మర్చంటు, సీనియర్ మర్చంటు - ఇవీ వారి హోదాలు. వర్తకం పోయి రాజ్యం వచ్చాక ఆ గుమాస్తాలే కలెక్టర్లయ్యారు. సిఫార్సుల మీద జరిగే నియామకాల స్థానంలో 1855లో పోటీ పరీక్ష వచ్చింది. 1863లో సత్యేంద్రనాథ్ ఠాగూర్ ఆ పరీక్షలో నెగ్గిన తొలి భారతీయుడయ్యారు. 1929 నాటి చట్టం ద్వారా మద్రాసులో సర్వీసు కమిషను ఏర్పడింది. రాష్ట్రాల స్థాయిలో దేశానికి అదే మొదటిది.

తపాలా బిళ్ళల మీద కూడా ఈ మాట కనబడుతుంది. ప్రభుత్వ ఉత్తరాలకు వాడే బిళ్ళల మీద 'సర్వీసు' అని అచ్చువేయడం 1866లో మొదలయింది. స్వాతంత్ర్యం వచ్చాక రాణీగారి బొమ్మలూ రాజుగారి బొమ్మలూ పోయి అశోకుని సింహాలు వచ్చినా, సర్వీసు అన్న మాట మాత్రం అక్కడే నిలిచింది.

ఇదే మాటను పాలకులకు ఎదురు నిలిచినవారూ వాడుకున్నారు. గోఖలేగారు 1905లో పుణెలో 'సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీ'ని స్థాపించారు. రాజుకు కాక దేశానికే సేవకులమని చెప్పుకోవడం అందులోని ఉద్దేశం. గోఖలే అనంతరం ఆ సంస్థకు శ్రీనివాసశాస్త్రిగారు అధ్యక్షులయ్యారు.

తెలుగులో ఈ ఒక్క మాటకు మనకు అరడజను మాటలున్నాయి. వాటి మధ్య అంతరువులు చూడండి. ఊడిగం, చాకిరి అంటే చులకన. చాకిరి, నౌకరి రెండూ పారశీకం నుంచి వచ్చినవి. నౌకరు అన్న మాట మంగోలుల భాషలో 'అనుచరుడు' అనే అర్థమున్న మాట నుంచి పుట్టిందంటారు. కొలువు అచ్చ తెనుగు. దేవుణ్ణి కొలిచినా, రాజును కొలిచినా ఒకటే ధాతువు. ఉద్యోగం సంస్కృతం, దానికి అసలు అర్థం ప్రయత్నం, పూనిక. అందులో యజమాని జాడే లేదు. సేవ అన్నిటిలోకి పవిత్రమైనది. అయితే జీతం అడిగినవాడితో "ఇది సేవ కదా" అనడానికి ఆ పవిత్రతే సాకు కావడమూ మనం ఎరుగుదుం.

కోర్టులలో ఈ మాట అర్థం మీద జీవితాలే ఆధారపడతాయి. ఇంగ్లీషులో 'కాంట్రాక్ట్ ఆఫ్ సర్వీస్' వేరు, 'కాంట్రాక్ట్ ఫర్ సర్వీస్' వేరు. మొదటిది ఉద్యోగం, రెండవది ఒప్పుకున్న పని చేసిపెట్టడం. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉచిత సేవనూ, ఉద్యోగిగా చేసే సొంత సేవనూ మినహాయించింది. మరి డాక్టరు రోగికి చేసే వైద్యం ఏ కోవకు చెందుతుంది? రోగి డాక్టరుకు యజమాని కాడు కనుక అది రెండవ రకమేననీ, ఫీజు పుచ్చుకుని చేసే వైద్యం చట్టం కిందికి వస్తుందనీ 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒక్క విభక్తి ప్రత్యయం తేడా! ఔట్ సోర్సింగు పద్ధతిలో మన పాత కుర్చీలలోనే కూర్చుని మన పనే చేస్తున్న పిల్లలు సర్వీసు రిజిస్టరుకు నోచుకోకపోవడానికి కారణం కూడా ఈ తేడాయే.

మనకు ప్రాణప్రదమైన తీర్పు 1982 డిసెంబరు 17న వచ్చింది. 1979 మార్చి 31కి ముందు రిటైరయినవారికి కొత్త పెన్షను సూత్రం వర్తించదన్న నిబంధనను నకారా కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టివేసింది. పెన్షను దయతో ఇచ్చే దానం కాదనీ, గతంలో చేసిన సర్వీసుకు చెల్లింపు అనీ స్పష్టం చేసింది. ఆ రోజునే మనం పెన్షనర్ల దినం జరుపుకుంటున్నాము.

అయితే అంతటితో చరిత్ర ఆగలేదు. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి పాత పెన్షను లేకుండా పోయింది. 2025 ఆర్థిక చట్టంలో, పెన్షనర్ల మధ్య తేడా చూపే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉన్నదంటూ ఒక భాగం చేర్చారు. నకారా తీర్పుతో తేలిపోయిందనుకున్న ప్రశ్న మళ్ళీ తలెత్తింది.

బానిసత్వంగా పుట్టిన మాట ఆరాధనగా, భూమికి షరతుగా, కొలువుగా మారి, చివరకు హక్కుకు ఆధారమైంది. ఈ ప్రయాణానికి రెండు వేల ఏళ్ళు పట్టింది. చివరి అర్థం వయసు మాత్రం ఇంకా యాభై ఏళ్ళు నిండలేదు. కనుక మాటను కాపాడుకోవడం కూడా మన పనే. ఎవరయినా "ఊరికే కూర్చోబెట్టి పెన్షను ఇస్తున్నారు" అన్నప్పుడు కోపగించుకోకుండా, సర్వీసు అన్న మాటకు అర్థం ఓపికగా విడమరచి చెప్పండి. మనుమలకు కూడా చెప్పండి. రేపు వారు ఏ ఉద్యోగంలో చేరినా, సంతకం పెట్టే కాగితంలో ఆ మాట ఏ అర్థంలో ఉందో చూసుకుని పెడతారు.