నాన్నగారి పంతం, నా సైకిలు

దగ్గరికి జరగండర్రా. ఆ తాటిమట్ట కాస్త లోపలికి నెట్టు, మంట చల్లారుతోంది. అమ్మలూ, శాలువా కప్పుకో, మంచు పడుతోంది.

చిన్నోడా, పొద్దున నువ్వు మొహం వేలాడేసుకుని వచ్చావే, అప్పటినుంచీ నాకు మా నాన్నగారే గుర్తొస్తున్నారు. గేర్ల సైకిలుకు వెనక ముక్క విరిగింది, అది బయటి దేశం నుంచి రావాలి, నెలపైన పడుతుంది అన్నాడట కదా షాపతను. సరిగ్గా అలాంటి మాటే 1962లో తెనాలిలో మా మేస్త్రీగారు నాతో అన్నారు. కాకపోతే ఆయన చెప్పింది తిరగేసి. ఇంగ్లండు ముక్క కావాలంటే సాయంత్రానికల్లా దొరుకుతుంది, మన దేశపుదే కావాలంటే మాత్రం ఎదురు చూడాలి, అన్నారు.

మీ ముత్తాత హిందీ పంతులు. 1921లో బెజవాడలో కాంగ్రెసు సభ జరిగి గాంధీగారు వచ్చినప్పుడు ఆయనకు పద్నాలుగేళ్లు. జనంలో తొక్కిసలాడి చూసొచ్చారట. అప్పుడు పట్టిన ఖద్దరు చివరిదాకా వదల్లేదు. నాకు తెనాలి కాలేజీలో సీటొచ్చింది. మన ఊరి నుంచి కాలవగట్టు మీద ఏడు మైళ్లు. సైకిలు లేకపోతే చదువు లేదు. నాన్నగారు ఒక్కటే షరతు పెట్టారు. "కొనిస్తాను. కానీ అందులో ప్రతి ముక్కా మన దేశంలో చేసిందే అయివుండాలి. ఒక్క మేకు కూడా సీమది వద్దు."

ఆ రోజుల్లో సైకిలంటే ఏమిటో మీకు తెలియదు. పంతులుగారి రెండు నెలల జీతం. అలకపాన్పు మీద అల్లుడు అడిగేది గడియారమో సైకిలో. మున్సిపాలిటీకి పన్ను కట్టి లైసెన్సు బిళ్ల తెచ్చి తగిలించుకోవాలి. చీకటి పడ్డాక దీపం లేకుండా తొక్కితే పోలీసాయన ఆపేవాడు. అప్పటికి మా జిల్లాలో పేరున్న సైకిళ్లన్నీ ర్యాలీ, హంబరు, బి.ఎస్.ఏ. అన్నీ ఇంగ్లండువే. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం దిగుమతుల మీద పట్టు బిగించింది. 1949లో మద్రాసు పక్కన అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, ఆ మరుసటేడు అసన్‌సోల్‌లో సేన్ ర్యాలీ లేచాయి. తయారైన సైకిలు ఒకటి కొనేసుకుంటే సరిపోయేది. నాన్నగారు ఒప్పుకోలేదు. బండి మీద పేరు మనదైనా లోపల గోళీలు ఎక్కడివో, చైను ఎక్కడిదో ఎవరికి తెలుసు? విప్పి చూసి బిగించిందే నమ్ముతాను, అన్నారు.

అలా మేస్త్రీగారి దగ్గరికి వెళ్లాం. బోసు రోడ్డుకు దగ్గర్లో చిన్న కొట్టు. సాయిబుగారు, తెల్లగడ్డం, చేతులెప్పుడూ గ్రీజు. నాన్నగారి షరతు విని నవ్వలేదు. ఒక పలక తీసి రాసుకున్నారు. ఫ్రేము, ఫోర్కు, హేండిలు, హబ్బులు, రిమ్ములు, ఊచలు, క్రాంకు, చైను, ఫ్రీవీలు, పెడళ్లు, సీటు, టైర్లు. దొరికినదాని పక్కన సున్న పెట్టేవారు. ఆ సున్నలన్నీ నిండటానికి మూణ్ణెల్లు పట్టింది.

ఫ్రేము మద్రాసుది. ఆవడిలో 1955 నుంచీ ఉక్కు గొట్టాలు ఇక్కడే తీస్తున్నారని మేస్త్రీగారు చెప్తే నాన్నగారికి ఎంత సంతోషమో. చైను కూడా అటువైపుదే. డైమండ్ చైను ఫ్యాక్టరీ అప్పటికి రెండేళ్ల కిందటే, 1960లో మొదలైంది. రిమ్ములు, ఊచలు, క్రాంకు, పెడళ్లు లూధియానా నుంచి గోనెసంచిలో రైలు పార్సిలుగా వచ్చాయి. సంచి విప్పితే గడ్డి, ఆముదం లాంటి జిడ్డు, ఇనుప వాసన. ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది.

టైర్ల దగ్గర గొడవొచ్చింది. డన్‌లప్ అంటే ఇంగ్లీషు కంపెనీ, వద్దన్నారు నాన్నగారు. మేస్త్రీగారు కొంచెం సేపు ఆలోచించి, "పంతులుగారూ, వీటిని చేసేది హుగ్లీ ఒడ్డున సాహాగంజ్‌లో. 1936 నుంచీ అక్కడ పనిచేసేవాళ్లు బెంగాలీలు, బీహారీలు. ఈ టైరు వద్దంటే వాళ్ల కూడు వద్దన్నట్టే" అన్నారు. నాన్నగారు ఆ రాత్రి భోజనం దగ్గర కూడా మాట్లాడలేదు. తెల్లారి లేచి, "పేరు ఎవరిదన్నది పక్కన పెడదాం. చెయ్యి ఎవరిదో అదే చూద్దాం" అన్నారు. పంతం పట్టిన మనిషి ఒక కూలీవాడి కూడు గురించి తన మాట మార్చుకోవడం నేను మొదటిసారి చూశాను. నా దృష్టిలో ఆయన చేసిన పెద్ద పనుల్లో అదొకటి.

చక్రం కట్టడం చూడాలర్రా! వెనక చక్రానికి 40 ఊచలు, ముందుదానికి 32. మనిషి బరువు, మూట బరువు వెనకే కదా పడేది. మేస్త్రీగారు హబ్బు ఒళ్లో పెట్టుకుని ఒక్కో ఊచా దూర్చి, ఒకదాని మీదుగా ఒకటి అల్లి, నిపిల్స్ వేళ్లతోనే ఎక్కించేవారు. తర్వాత చక్రం తిప్పుతూ రిమ్ముకు సుద్దముక్క ఆనించేవారు. ఎక్కడ గీత పడితే అక్కడ వంపు ఉన్నట్టు. అటు ఊచ వదులు, ఇటు ఊచ బిగువు. చివరికి ఒక్కో ఊచా తంబుర తీగలా మీటి చెవి ఒగ్గి వినేవారు. అన్నీ ఒకే శ్రుతిలో పలకాలి. ఒకటి బొంగురుగా పలికితే మళ్లీ మొదలు. మధ్యాహ్నం మొదలుపెడితే రెండు చక్రాలకూ దీపాలు పెట్టే వేళయింది.

గోళీలు నన్ను లెక్కపెట్టమన్నారు. పెడళ్ల ఇరుసుకు పావు అంగుళం గోళీలు, పక్కకు పదకొండు. వెనక హబ్బుకు అవే, పక్కకు తొమ్మిది. ముందు హబ్బుకు చిన్నవి, పక్కకు పది. కప్పులో గ్రీజు మెత్తి ఒక్కొక్కటీ అంటించాలి. కోను బిగిస్తే చక్రం పట్టెయ్యకూడదు, వదిలితే ఊగకూడదు. ఆ మధ్య బిందువు చేతికి తెలియాలి, చెప్తే రాదు. నాకు వారం పట్టింది.

పలకలో చివరికి మిగిలింది ఫ్రీవీలు. సీమది పెట్టమంటే ఆ పూటే బండి రోడ్డెక్కేది. లూధియానాలోని ఒక చిన్న కార్ఖానాది తెప్పించారు. దాని పేరు చెప్పను, ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది. ముందు 44 పళ్లు, వెనక 18. పెడలు ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు 18 అడుగులు పోవాలి. పోయింది, ఇరవై రోజులు. తర్వాత ఒక సాయంత్రం కాలవ వంతెన ఎక్కుతుంటే పెడలు గిర్రున తిరిగిపోయి మోకాలు హేండిలుకు కొట్టుకుంది. బండీ నేనూ గట్టు దిగువకు దొర్లాం.

మేస్త్రీగారు విప్పి చూపించారు. ఫ్రీవీలు లోపల చిన్న ఉక్కు నాలుకలు రెండుంటాయి. ముందుకు తొక్కితే అవి లోపలి పళ్లలో పట్టుకుంటాయి. తొక్కడం ఆపితే జారుతూ టిక్కుటిక్కుమంటాయి. ఆ నాలుకల అంచులు అరిగి గుండ్రంగా అయిపోయాయి. ఉక్కుకు పదును సరిగా పట్టలేదన్నమాట. పైపొర గట్టిగా, లోపల మెత్తగా ఉంటేనే అవి నిలుస్తాయి. మనవాళ్లకు పదును పెట్టడం తెలియదనుకోకండి. నిజామాబాదు వైపు కోనసముద్రంలో మూసలో వండిన ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా పోయింది. తెలిసిన చేతులకు మధ్యలో పని లేకుండా పోయింది, అంతే.

నాన్నగారు కోప్పడలేదు. అరిగిన నాలుకలు రెండూ కాగితంలో చుట్టి, ఆ కార్ఖానా యజమానికి హిందీలో ఉత్తరం రాశారు. ఎన్ని రోజులు తొక్కామో, రోజుకు ఎన్ని మైళ్లో, ఎక్కడ అరిగిందో అన్నీ రాసి, డబ్బు వాపసు అడగలేదు. పదును సరిచేసి పంపండి, మళ్లీ కొంటాను అని ముగించారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఎందుకంటే అప్పటిదాకా రోజూ పద్నాలుగు మైళ్లు నడక!

నెలన్నరకు జవాబొచ్చింది. విప్పితే ఉర్దూ లిపి. పంజాబులో ఆ వయసు వాళ్లలో చాలామంది, హిందువులూ సిక్కులూ కూడా, బళ్లో ఉర్దూలోనే చదువుకున్నారు. నాన్నగారికి ఒక్క అక్షరం రాదు. ఉత్తరం పట్టుకుని మేస్త్రీగారి దగ్గరికి వెళ్లాం. ఆయన చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని చదివారు. మీరు పంపిన ముక్కలు మా పనివాళ్లందరికీ చూపించాను, కొలిమిలో ఉంచే వేళ పెంచాం, కొత్తది పంపుతున్నాను, ఇది కూడా అరిగితే దయచేసి రాయండి. అదీ అందులోని సారాంశం. చదివి ఆయన కాసేపు కళ్లజోడు తీయలేదు. తర్వాత ఆ ఉత్తరాన్ని కొట్లో గోడకు మేకు కొట్టి తగిలించారు. ఆయన ఉన్నన్నాళ్లూ అది అక్కడే ఉంది.

ఆ రెండో ఫ్రీవీలు నాకు పదకొండేళ్లు పనిచేసింది. డిగ్రీ అయింది, ఉద్యోగం వచ్చింది, మీ నాయనమ్మను సినిమాకు తీసుకెళ్లిందీ దాని మీదే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మొదటి ముక్క ఎవరైనా కొనాలి కదరా. అరిగిపోయేదాన్ని కొని, అరిగిందని నిజం చెప్పి, మళ్లీ కొనేవాడు ఒకడు ఉండాలి. దేశవిభజన దెబ్బ తిని లూధియానా చేరిన ముంజాల్ అన్నదమ్ములు 1956లో అక్కడే హీరో సైకిల్స్ పెట్టారు. ముప్పయ్యేళ్లు తిరిగేసరికి, 1986లో, ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ సైకిళ్లు చేసే కంపెనీగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఆ వార్త పేపర్లో చదివినప్పుడు నాన్నగారికి డెబ్బై తొమ్మిదేళ్లు. పేపరు మడిచి తలగడ కింద పెట్టుకున్నారు. ఆ ఊరి కొలిముల దగ్గర చెమటోడ్చిన వాళ్లందరి తరఫునా ఆయన సంతోషించారు.

నీ గేర్ల బండికి ఆ ముక్క ఇప్పటికీ బయటినుంచే రావాలంటే నాకు కష్టంగానే ఉంది. అందుకే అడుగుతున్నాను. ఇక్కడ చేసింది ఏదైనా దొరుకుతుందేమో ముందు వెతుకు. దొరికితే తొక్కి చూడు. అరిగితే, ఎక్కడ అరిగిందో ఉన్నదున్నట్టు రాసి, ఆ ముక్కతో సహా చేసినవాళ్లకు పంపు.

అందాకా నా బండి వెనక గదిలో ఉంది. చైను మారింది, టైర్లు ఎన్నిసార్లు మారాయో లెక్కలేదు. ఆవడి గొట్టాల ఫ్రేము మాత్రం అదే. రేపు పొద్దున గాలి కొట్టిస్తాను, దాని మీద వెళ్లు.