నాగజెముడు నుండి గాజుటింటి ముళ్లమొక్కల వరకు

హైదరాబాదుకు పడమట మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ఒకప్పుడు రాళ్లగుట్టల నడుమనున్న పల్లెలు. 1998లో సైబర్ టవర్స్ భవనం ప్రారంభమైన తరువాత అక్కడ హైటెక్ సిటీ పెరిగింది. గుట్టలు అనేకం తరిగిపోయినవి. ఆ గ్రానైటు శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. వాటి పగుళ్లలో పిడికెడు మన్ను దొరికితే చాలు, బొమ్మజెముడు, కుందేటికొమ్ములు వంటి మొక్కలు బ్రతుకుతవి. ఇప్పుడు ఆ ప్రాంతంలోనే మేడలమీద, వసారాలలో, మెక్సికో దేశపు ముళ్లమొక్కలు చిన్న కుండీలలో పెరుగుతున్నవి. చూపుకు రెండు రకాలూ దగ్గరి చుట్టాలవలె ఉంటవి. నిజానికి చుట్టరికం ఏమీ లేదు.

బొమ్మజెముడును గిల్లితే తెల్లని పాలు కారుతవి. (ఆ పాలు కంట పడరాదు, విద్యార్థులు జాగ్రత్త వహించవలె.) నాగజెముడును కోస్తే జిగురు వస్తుందిగాని పాలు రావు. ఇంతకంటె నమ్మదగిన గుర్తు మరొకటి ఉన్నది. కాక్టస్ కుటుంబపు మొక్కలలో ముళ్లు దూదిముద్దవంటి ఒక చిన్న గద్దె నుండి గుత్తిగా మొలుస్తవి. ఆ గద్దె లేనిదే కాక్టస్ లేదు. ఎండకు, నీటి కరువుకు తట్టుకొనే ప్రయత్నంలో రెండు వేరు కుటుంబాలు ఒకే ఆకారానికి వచ్చినవి. మన పూర్వులు మాత్రం ఆకారం చూచి, అమెరికానుండి వచ్చిన కొత్త మొక్కకు కూడ పాత జెముడు పేరే పెట్టుకొన్నారు.

కాక్టస్ కుటుంబానికి పుట్టినిల్లు అమెరికా ఖండాలు. ఆఫ్రికాలోను, సింహళంలోను కూడ సహజంగా కనిపించే రిప్సాలిస్ ఒక్కటి తప్ప, తక్కినవన్నీ మనుష్యుల వెంట ఇతర దేశాలకు పాకినవే. మన దేశంలో నాగజెముడు ఎంతగా పాతుకొన్నదంటే, వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బరో ఒక జాతికి ‘కాక్టస్ ఇండికస్’ అని పేరు పెట్టినాడు. పరదేశి మొక్కకు పేరులోనే భారతీయత అంటగట్టినాడన్నమాట!

ఈ మొక్కపై ఈస్టిండియా కంపెనీకి కన్ను పడటానికి కారణం ఒక పురుగు. నాగజెముడు జాతులపై బ్రతికే కోచినీల్ పురుగునుండి చక్కని ఎఱ్ఱరంగు వస్తుంది. (తొలకరిలో మన చేలలో కనిపించే ఆరుద్ర పురుగు వేరు, దానికీ దీనికీ సంబంధం లేదు.) ఆ రంగు వ్యాపారమంతా అప్పుడు మెక్సికోను ఏలుతున్న స్పెయిన్ చేతిలో ఉండేది. 1786లో మద్రాసులోని వైద్యాధికారి జేమ్స్ ఆండర్సన్ గడ్డిమీద ఒక పురుగును చూచి, ఇదే కోచినీలని భ్రమపడి, లండనులోని జోసెఫ్ బ్యాంక్స్‌కు ఉత్తరాలు వ్రాసినాడు. పురుగు అది కాదని తేలినా ఉత్సాహం చల్లారలేదు. సైదాపేటలో నాగజెముళ్లకై ఒక తోట వెలసింది. 1795లో కెప్టెన్ నీల్సన్ బ్రెజిల్ దేశపు రియో డి జనీరో నుండి నిజంగానే కోచినీల్ పురుగులను కలకత్తాకు తెచ్చినాడు. అయితే అది మేలుజాతి కాదు, నాసిరకం. రంగు వ్యాపారం సాగలేదు. 1800లో సైదాపేట తోట మూతబడింది.

పురుగు మాత్రం తన పని తాను చేసింది. ఉత్తరదేశంలో ఒక జాతి నాగజెముడును నిలువునా తినివేసింది. అది చూచినవారు 1863 నుండి దక్షిణదేశంలో దానిని కావాలని తుప్పలమీద వదిలినారు. కలుపుమొక్కను పురుగుచేత అణచటానికి ప్రపంచంలో జరిగిన మొదటి ప్రయత్నాలలో ఇది ఒకటి. మరొక జాతి నాగజెముడు దానికి లొంగక పొలాలను, పచ్చికబయళ్లను ఆక్రమించింది. దానికి 1926లో సింహళం నుండి మద్రాసు రాజధానికి మరొక కోచినీల్ జాతిని రప్పించవలసి వచ్చింది. కొద్ది సంవత్సరాలలో ఆ తుప్పలు ఎండిపోయినవి. రంగు కొరకు తెచ్చిన పురుగు చివరకు రైతుకు ఉపకరించింది.

ఈ కథలో తెలుగునేలకు ఇంకొక భాగం ఉన్నది. రాక్స్‌బరో కలకత్తాకు పోకముందు సామర్లకోటలో తోట నడిపినాడు. 1793లో ఆయన తరువాత అక్కడికి వచ్చినవాడు బెంజమిన్ హెయిన్ అనే జర్మను. రణపాల ఆకును హెయిన్ నమిలి చూచినాడు. ఉదయం పుల్లగా ఉన్నది. మధ్యాహ్నానికి రుచే లేదు. సాయంకాలానికి కొంచెం చేదెక్కింది. ఈ సంగతి 1815లో లండనులో అచ్చయింది. అంతకుముందే, 1804లో, స్విట్జర్లాండులో సోస్యూర్ మరొక వింత గమనించినాడు: నాగజెముడు చీకటిలో బొగ్గుపులుసు వాయువును పీల్చుకొంటున్నది. ఈ రెండు గమనికలకు గల సంబంధం 20వ శతాబ్దంలోగాని పూర్తిగా తేలలేదు. ఈ మొక్కలు పగలు పత్రరంధ్రాలను మూసుకొని నీటిని కాపాడుకొంటవి. రాత్రి చల్లబడినాక రంధ్రాలు తెరచి బొగ్గుపులుసు వాయువును లోనికి తీసుకొని, మాలిక్ ఆమ్లంగా నిలువచేస్తవి. పగలు ఆ ఆమ్లం విడిపోయి, లోపలి వాయువుతోనే ఆహారం తయారవుతుంది. తెల్లవారుజామున ఒకటి, సాయంకాలం ఒకటి రణపాల ఆకులను నూరి లిట్మస్ కాగితంతో పోల్చి చూస్తే తరగతిలోనే ఇది రుజువవుతుంది.

హైదరాబాదులో అరుదైన కాక్టస్‌లను గింజలనుండి పెంచేవారికి ఈ జ్ఞానమే ఆధారం. ఐరోపాలో గాజుటిల్లు చలినుండి కాపాడటానికి. ఇక్కడ దాని పని వానను ఆపటం, మండుటెండను తగ్గించటం. జూను నుండి సెప్టెంబరు వరకు పడే వాన వేళ్లను కుళ్లిస్తుంది. మే మాసపు రాత్రులలో వేడి తగ్గదు గనుక మొక్క రంధ్రాలు సరిగా తెరువదు, పెరుగుదల నిలుస్తుంది. ఆ సమయంలో ఆకలిగా ఉన్నదేమోనని నీరు పోసి చంపేవారే ఎక్కువ.

ఆవగింజకంటె చిన్నవైన విత్తులను ఇసుక కలిపిన మట్టిపైన చల్లి, పూడ్చక, తేమ పోకుండా మూత వేస్తారు. అనేక జాతులు ఒకటి రెండు వారాలలో మొలుస్తవి. ఎడారి మొక్క అయినా పసితనంలో ఎండటాన్ని ఓర్చుకోలేదు; తేమ ఎక్కువైతే బూజు పడుతుంది. మొదటి సంవత్సరం గండం ఇదే. రెబూషియా రెండు మూడేళ్లలో పూస్తుంది. ఆరియోకార్పస్‌కు చాలా ఏళ్లు ఓపిక పట్టవలె. శీతకాలంలో నీరు ఆపి చల్లని రాత్రులలో విశ్రాంతి ఇస్తే వసంతంలో మొగ్గ తొడిగే జాతులు ఎన్నో.

ఇంత శ్రమ ఎందుకు? పెద్ద మొక్కనే కొనవచ్చు గదా? అక్కడే చిక్కున్నది. అటువంటి పెద్ద మొక్క పుట్టిన కొండనుండి పెళ్లగించి తెచ్చినది కావచ్చు. 2015లో 1,478 కాక్టస్ జాతులను పరిశీలించగా నూటికి 31 జాతులకు అంతరించే ప్రమాదం ఉన్నట్లు తేలింది. అక్రమ సేకరణ ముఖ్య కారణాలలో ఒకటి. 1975లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం వీటి వ్యాపారాన్ని అదుపు చేస్తున్నది. గింజనుండి పెంచిన మొక్కకు ఈ దోషం అంటదు. ఆస్ట్రోఫైటం వంటి జాతులలో తన పుప్పొడి తనకు పనికిరాదు గనుక, వేరువేరు గింజలనుండి వచ్చిన రెండు మొక్కలు ఒకేనాడు పూయవలె. అప్పుడు సన్నని కుంచెతో ఒకదాని పుప్పొడిని రెండవదానికి అద్దుతారు. కాయ పండి పగిలేవరకు పలుచని గుడ్డ చుట్టి ఉంచుతారు. లేకుంటే చీమలు గింజలను మోసుకొనిపోతవి.