పని ఒత్తిడా, ఒంటి జబ్బా? ఉద్దానంలో ఎవరిని అడగాలి, ఏం అడగాలి?

రాత్రి నిద్ర పట్టదు. పొద్దున లేస్తే ఒళ్లంతా బరువు. ఆకలి లేదు, పనిలో మనసు నిలవదు. విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేసే మీరు ఈ మాటలు చెబితే ‘స్ట్రెస్’ అంటారు. వజ్రపుకొత్తూరులో ఉన్న మీ అక్క ఇవే మాటలు చెబితే ఇంట్లోవాళ్ల ఆలోచన ముందు కిడ్నీల మీదకు పోతుంది. పరీక్ష చేయించకుండా ఏ పేరు పెట్టినా తొందరపాటే.

ముందు రక్త పరీక్ష ఎందుకు?

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లోని ఉద్దానం గ్రామాల్లో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఎక్కువ. షుగర్, బీపీ లేనివారికీ వస్తోంది. కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. అలసట, ఆకలి మందగించడం, నిద్ర చెడటం, ఏకాగ్రత తప్పడం ఈ జబ్బులోనూ ఉంటాయి, డిప్రెషన్‌లోనూ ఉంటాయి. రక్తహీనత, థైరాయిడ్ కూడా ఇలాగే కనిపిస్తాయి. అందుకే ‘పని ఎక్కువైంది’ అని సరిపెట్టుకునే ముందు క్రియాటినిన్, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకోవాలి. ఊళ్లోని హెల్త్ క్లినిక్‌లో ఏఎన్‌ఎమ్‌ను గానీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టర్‌ను గానీ అడగండి. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రంతో పాటు 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది.

ఒంటి నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల సంగతి ఇక్కడ చెప్పి తీరాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు రోజుల తరబడి వాడితే కిడ్నీలు దెబ్బతింటాయి. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగకుండా వేసుకుంటే ముప్పు మరింత ఎక్కువ. రోజంతా వంగి చేసే పనికి రోజూ ఒక మాత్ర అన్న అలవాటు మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే, ముందు దాన్ని డాక్టర్ దృష్టికి తేండి.

రిపోర్టు బాగుందనుకోండి. భయం మాత్రం పోలేదు. పక్కింటి మనిషి డయాలసిస్‌కు వెళ్లి వస్తుంటే రోజూ చూసేవాళ్లకు ‘రేపు నాకేమో’ అనిపించడం సహజం. దాన్ని పిరికితనమని తీసిపారేయకండి. ఆ భయం వారాల తరబడి నిద్రనూ పనినీ చెడగొడుతుంటే దానికీ సాయం ఉంది.

14416కు ఫోన్ చేస్తే ఏం జరుగుతుంది?

టెలీ మానస్ కేంద్ర ప్రభుత్వ ఉచిత సేవ. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు మొదలైంది. బెంగళూరులోని నిమ్హాన్స్ దీనికి ప్రధాన కేంద్రం. 14416 లేదా 1800 891 4416కు పగలూ రాత్రీ ఎప్పుడైనా చేయవచ్చు. ముందు రికార్డు గొంతు భాష అడుగుతుంది, తెలుగు ఎంచుకుంటే శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. అవసరమనుకుంటే సైకియాట్రిస్టుకు కలుపుతారు, లేదా దగ్గరలోని ఆసుపత్రికి పంపుతారు. వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ వెళ్లిన మీ తమ్ముడికైనా ఇదే నంబరు.

మొదటి నిమిషంలో మాట దొరక్కపోవచ్చు. ‘పది రోజులుగా నిద్ర లేదు, పనికి వెళ్లాలంటే గుండె దడ’ అన్నంత చాలు, మిగతాది వాళ్లే అడుగుతారు. ఫోన్‌లో అంతా తీరిపోతుందని మాత్రం అనుకోకండి. మందులు అవసరమైన మనిషికి మాటలు సరిపోవు. మద్యం మానలేకపోవడమే అసలు చిక్కయితే 14446కు చేయండి.

ఛాతీ నొప్పి, ఆయాసం ఉంటే కౌన్సెలింగ్ నంబరు కాదు, వెంటనే 108.

ఓర్చుకోవడం ఒక్కటే మార్గమా?

కాదు. పని వల్ల వచ్చే తీవ్ర నిస్సత్తువను, అంటే బర్నౌట్‌ను, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో పనికి సంబంధించిన సమస్యగా వర్గీకరించింది, జబ్బుగా కాదు. మనిషికి ఊపిరి వ్యాయామాలు నేర్పి, పనిని మాత్రం అలాగే ఉంచితే పెద్దగా ఒరిగేది లేదు. నెమ్మదిగా ఊపిరి వదలడం, వేళకు పడుకోవడం, నమ్మకమైన ఒకరితో మాట్లాడటం తప్పకుండా పనికొస్తాయి. కానీ ఒత్తిడి ఎక్కడ పుడుతోందో కూడా చూడాలి. రెండు వారాలు ఫోన్‌లోనే రాసుకోండి: ఎన్ని గంటలు పని, ఎన్ని గంటలు నిద్ర, ఏ పూట ఎందుకు ఉక్కిరిబిక్కిరి అయింది. ‘చాలా ఒత్తిడిగా ఉంది సార్’ అన్నదానికన్నా ‘వారంలో నాలుగు రోజులు రాత్రి పది దాటుతోంది’ అన్నదానికి జవాబు చెప్పక తప్పదు.

పలాస-కాశీబుగ్గ జీడి పరిశ్రమలో పిక్కలు కొట్టే, పొట్టు తీసే మహిళల్లో చాలామందికి కూలి కిలోల లెక్కన. జీడి నూనెకు చేతులు కాలినా, పని ఆపితే కూలి ఆగుతుంది. ఇలాంటివారు మీ ఇంట్లో ఉంటే ముందు ఒకటి కనుక్కోండి: వాళ్ల యూనిట్ ఈఎస్‌ఐ పరిధిలో ఉందా? సాధారణంగా 10 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట, నెలకు రూ.21,000 వరకూ వేతనం ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. చందా నిబంధనలు పూర్తయితే జబ్బు సెలవులో ఏడాదికి 91 రోజుల వరకూ 70 శాతం వేతనం ఇస్తుంది. దీర్ఘకాలిక వ్యాధుల జాబితాలో కొన్ని తీవ్ర మానసిక వ్యాధులు కూడా ఉన్నాయి. చాలామంది దీన్ని కాన్పులకూ ప్రమాదాలకే అనుకుని అక్కడితో ఆగిపోతున్నారు.

ఒత్తిడికి కారణం లైంగిక వేధింపులైతే దారి వేరు. 2013 చట్టం ప్రకారం 10 మంది ఉన్న చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్న యూనిట్ అయినా, ఆరోపణ యజమాని మీదే అయినా జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయాలి. గడువు మూడు నెలలు.

ఊళ్లో ఉన్న నాన్నను ఏం అడగాలి?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కొత్తగా నాటిన కొబ్బరి చెట్టు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, అప్పు వడ్డీ అన్నాళ్లు ఆగదు. పరిహారం పంచడం అయిపోయాక కూడా గాలి హోరెత్తితే ఉలిక్కిపడే పెద్దవాళ్లు ఉంటారు.

‘ఎలా ఉన్నావు నాన్నా’ అంటే ‘బాగానే ఉన్నాను’ అనే వస్తుంది. రాత్రి ఎన్నింటికి పడుకున్నాడు, అన్నం తిన్నాడా, అప్పు కోసం ఎవరైనా వచ్చారా అని అడగండి. మాటల్లో విరక్తి కనిపిస్తే, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. జవాబు అవును అయితే మనిషిని ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుల మందు ఉంటే తీసేయించండి, 14416కు చేయండి. ప్రాణానికి వెంటనే ముప్పుంటే 108. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగా పరిగణించి, చికిత్స, పునరావాసం కల్పించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. కేసు భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేయవద్దు. అదే చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. మీ ఆరోగ్య బీమా కూడా మానసిక వ్యాధులను మిగతా జబ్బులతో సమానంగా చూడాలి.

నేరుగా చూపించుకోవాలంటే శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి గానీ, విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు గానీ వెళ్లవచ్చు. వెళ్లేటప్పుడు పాత మందుల చీటీలతో పాటు కిడ్నీ రిపోర్టు కూడా పట్టుకెళ్లండి. మానసిక సమస్యలకు ఇచ్చే మందుల్లో లిథియం లాంటివి కిడ్నీ జబ్బు ఉన్నవారికి సరిపడకపోవచ్చు. మీరు ఉద్దానం నుంచి వచ్చారని డాక్టర్‌కు ముందే చెప్పండి.