మట్టితట్టల సంఘానికి యాభై ఏళ్ళు

రాజస్థాన్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో జరిగిన అగ్నిప్రమాదంలో బాధితులను ఆదుకోవడానికి 1975లో జైపూర్‌లో కొందరు అధ్యాపకులు, విద్యార్థులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. పేరు తరుణ్ భారత్ సంఘ్. మొదటి పదేళ్ళ గురించి ఒక్క వాక్యం చాలు: సంఘం ఉండేది, సమావేశాలు జరిగేవి. దాని అసలు చరిత్ర మొదలైంది జైపూర్‌లో కాదు, అల్వర్ జిల్లా థానాగాజీ తాలూకాలోని ఒక పల్లెటూరి బస్సు ఆగేచోట.

1985 అక్టోబరు 2న ఐదుగురు యువకులు కిశోరీ గ్రామంలో బస్సు దిగారు. అప్పటికి పంజాబ్ అల్లర్లతో దేశమంతా ఉలిక్కిపడుతున్న కాలం. ముక్కూ మొహం తెలియని మగవాళ్ళు చీకటి వేళ ఊళ్ళోకి వస్తే ఉగ్రవాదులేమోనని జనం అనుమానించారంటే తప్పు పట్టలేం. వాళ్ళలో పెద్దదిక్కు రాజేంద్ర సింగ్. చదివింది ఆయుర్వేదం, చేసింది జైపూర్‌లో ప్రభుత్వోద్యోగం. దానికి రాజీనామా ఇచ్చి, ఇంట్లో సామానంతా అమ్మితే 23,000 రూపాయలు చేతికొచ్చాయి. ఆ డబ్బుతో పల్లెలో బడి పెట్టాలని, వైద్యం చేయాలని వచ్చాడు.

ఆ ఉత్సాహం మీద నీళ్ళు చల్లినవాడు గోపాల్‌పురా పెద్దమనిషి మాంగూ పటేల్. నిజానికి చల్లడానికి ఆ ఊళ్ళో నీళ్ళే లేవు. బావులు ఎండిపోయాయి, వయసులో ఉన్నవాళ్ళు పనులు వెతుక్కుంటూ పట్నాలకు పోయారు, ముసలివాళ్ళూ ఆడవాళ్ళూ మిగిలారు. మీ చదువులూ మందులూ మాకెందుకు, ముందు నీళ్ళు కావాలి, చేతనైతే పలుగు పట్టమని పటేల్ తేల్చి చెప్పాడు. ఈ మాట నచ్చక వచ్చిన ఐదుగురిలో కొందరు వెనక్కి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు పూడిపోయిన పాత జోహడ్‌లో మట్టి తవ్వడానికి దిగారు.

జోహడ్ అంటే వాన నీరు దిగివచ్చే దారికి అడ్డంగా, నెలవంక ఆకారంలో పోసిన మట్టికట్ట. మన కుంటకు దగ్గరి చుట్టం. కుంట నీళ్ళను మనం పొలానికి పారించుకుంటాం. జోహడ్ పని ఎక్కువగా నేలలోపల జరుగుతుంది. నాలుగు నెలల్లో కురిసే వాన ఆ రాళ్ళ గుట్టల మీంచి గంటల్లో జారిపోకుండా అది ఆపుతుంది, నీరు మెల్లగా ఇంకుతుంది, దిగువ బావుల్లో ఊట పెరుగుతుంది. ఒక్క జోహడ్ ఒక ఊరి బావులకు చాలు. ఒకే వాగు పరీవాహకంలో అలాంటివి వందలుంటే ఆ ఊట వాగులోకే దిగి దాన్ని పారిస్తుంది. ఈ రెండో సంగతి మొదట్లో సంఘం వాళ్ళకూ తెలియదు. వాళ్ళు నది కోసం తవ్వలేదు, బావుల కోసం తవ్వారు.

గోపాల్‌పురాలో నీళ్ళు నిలిచాక వచ్చిన మొదటి గుర్తింపు బిరుదు కాదు, నోటీసు. వాన నీటి పారుదల మీద హక్కు ప్రభుత్వానిదని, కట్ట అక్రమమని 1987లో నీటిపారుదల శాఖ తాఖీదు పంపింది. కట్టినవాళ్ళు కట్టను తీయలేదు.

జనాన్ని కూడగట్టిన పద్ధతి గురించి కాస్త వివరంగా చెప్పాలి. ప్రాజెక్టు నివేదికల్లో కనిపించని బలం అక్కడే ఉంది. సంఘం తన కార్యక్రమాలకు పంచాంగాన్నే ఆసరా చేసుకుంది. శ్రావణ పూర్ణిమనాడు ఆడవాళ్ళు అన్నదమ్ములకు కట్టినట్టే చెట్లకూ రాఖీలు కట్టి, ఆ చెట్లను కాపాడతామని మాట ఇచ్చేవారు. అడవి రక్షణ పాదయాత్ర ఆ రోజే బయలుదేరేది. జోహడ్‌ల పాదయాత్రకు ముహూర్తం కార్తిక శుద్ధ ఏకాదశి. మనవాళ్ళు మర్నాటి క్షీరాబ్ది ద్వాదశికి తులసికోట దగ్గర దీపాలు సిద్ధం చేసుకునే వేళకు, అక్కడ దేవుడు యోగనిద్ర లేచాడని నడక మొదలయ్యేది. వానలు వెళ్ళి కట్టపని మొదలుపెట్టే అదను కూడా అదే. యాత్ర ఆగిన ఊళ్ళో రాత్రి సభ జరిగేది. జోహడ్ ఎక్కడ కట్టాలి, ఎవరి భూమి మునుగుతుంది, ఎవరింటి నుంచి ఎందరు పనికి రావాలి అన్నవి అందరి ముందూ తేల్చుకునేవారు. ఖర్చులో కొంత భాగం ఊరు తన చెమటతో, రాయితో, మట్టితో భరించాలన్నది నియమం. అది ఒప్పుకోని ఊళ్ళో సంఘం పని మొదలుపెట్టలేదు.

అర్వరీ నది పుట్టేచోటున ఉన్న జంట గ్రామాలు భాంవతా, కోల్యాలా. అక్కడి జనం కట్టలు వేస్తూ పోయారు. దిగువ ఊళ్ళూ చేతులు కలిపాయి. దాదాపు 45 కిలోమీటర్ల ఆ నదిలో ఏళ్ళ తరబడి వానాకాలం తర్వాత ఇసుకే కనిపించేది. 1990లో వానలు పోయాక కూడా కొన్నాళ్ళు పారింది. 1995 నాటికి ఏడాది పొడవునా పారసాగింది. పరీవాహకంలో అప్పటికి జోహడ్‌లు వందల్లోకి చేరాయి.

ఈ మధ్యలో సంఘాన్ని దాదాపు మింగేసినంత పని చేసింది పాలరాతి గని. సరిస్కా పులుల అభయారణ్యం అంచు ఊళ్ళలో జోహడ్‌లు నిండుతున్నా బావుల్లోకి నీళ్ళు రావడం లేదు. కారణం వెతికితే గనుల గోతులు బయటపడ్డాయి. ఊరు ఆపిన నీళ్ళు లోపలి నుంచి ఆ గోతుల్లోకి దిగుతున్నాయి, వాటిని మోటార్లతో తోడి పారబోస్తున్నారు. సంఘం 1991లో సుప్రీంకోర్టుకెక్కింది. గని యజమానుల డబ్బు ముందు మట్టితట్టల సంఘం ఎంత? బెదిరింపులు వచ్చాయి, దాడులు జరిగాయి. గని కూలీలుగా బతుకుతున్న పక్క ఊరి జనమే ఎదురు తిరిగారు. అన్నిటికంటే బాధ పెట్టిందీ అదే. కోర్టు అభయారణ్య ప్రాంతంలో తవ్వకాలు ఆపించింది. 1992 మేలో కేంద్రం ఆరావళి కొండల్లో గనులను కట్టడి చేస్తూ ప్రకటన వెలువరించింది. ‘తరుణ్ భారత్ సంఘ్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా’ అన్న ఆ కేసు ఇప్పుడు పర్యావరణ న్యాయం చదివే విద్యార్థులకు పాఠం.

నది పారాక చేపలొచ్చాయి, చేపల వెంట కాంట్రాక్టరూ వచ్చాడు. 1996లో హమీర్‌పుర్ దగ్గర చేపలు పట్టుకునే హక్కును మత్స్యశాఖ బయటివాళ్ళకు ఇచ్చింది. నది ఎండినంత కాలం దాని సొంతదారు ఎవరో ఎవరికీ పట్టలేదు. జనం అడ్డుకున్నారు, కాంట్రాక్టు రద్దయింది. కానీ ఈ నది ఎవరిది అన్న ప్రశ్న మిగిలింది. దానికి జవాబుగా 1999 జనవరి 26న హమీర్‌పుర్‌లో అర్వరీ సంసద్ (పార్లమెంటు) పుట్టింది. 70 గ్రామాల ప్రతినిధులు కూర్చుని పదకొండు నియమాలు పెట్టుకున్నారు. నీరు ఎక్కువ తాగే చెరకు వంటి పంటలు వేయకూడదు, నీళ్ళు అమ్ముకునేవాళ్ళకు చోటివ్వకూడదు వంటివి వాటిలో ఉన్నాయి.

సాయం చేసినవాళ్ళనూ తలుచుకోవాలి. తొలి రోజుల్లో ఆహారధాన్యం ఇచ్చిన కాసా సంస్థ, తర్వాత ఆక్స్‌ఫామ్, స్వీడన్ ప్రభుత్వ సహాయ సంస్థ సీడా ఉన్నాయి. కట్టల్ని సాంకేతికంగా పరీక్షించి, ఇంజనీర్లు నోరెత్తకుండా చేసిన కాన్పూర్ ఐఐటీ ఆచార్యుడు జి.డి. అగర్వాల్ ఉన్నారు. గంగ కోసం నిరాహారదీక్ష చేస్తూ ఆయన 2018లో కన్నుమూశారు. సర్వోదయ నాయకుడు సిద్ధరాజ్ ఢడ్ఢా, చెరువుల గురించి రాసిన అనుపమ్ మిశ్ర, విషయాన్ని దేశం దృష్టికి తెచ్చిన అనిల్ అగర్వాల్ పేర్లూ చెప్పాలి. వాటర్‌షెడ్ పనులు గ్రామ కమిటీల చేతుల్లో ఉండాలని 1994లో కేంద్రానికి చెప్పిన కమిటీకి అధ్యక్షుడు మన తెలుగువాడు, ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు. అల్వర్ జనం అప్పటికే చేస్తున్నది ఆ సలహాకు దూరమైనది కాదు.

పట్టిక ఇక్కడితో నిండలేదు. తట్ట మోసినవాళ్ళ పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. వాళ్ళలో ఆడవాళ్ళు తక్కువేమీ కాదు. 2001లో రామన్ మెగసెసే, 2015లో స్టాక్‌హోమ్ జల పురస్కారం వచ్చింది రాజేంద్ర సింగ్ ఒక్కరి పేరు మీదే. ఆయన అర్హతను ఎవరూ కాదనరు. పత్రికలు ఆయన్ని జలపురుషుడన్నాయి, మాంగూ పటేల్‌ను ఫొటో వ్యాఖ్య కింద సరిపెట్టాయి. ఊళ్ళ పేరు మీద పెద్ద సత్కారం జరిగిందంటే 2000 మార్చిలోనే. భాంవతా-కోల్యాలాకు ప్రకటించిన డౌన్ టు ఎర్త్ పురస్కారం ఇవ్వడానికి రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఢిల్లీకి పిలిపించుకోలేదు, తానే అర్వరీ ఒడ్డుకు వచ్చారు.

అంతటివాడు వచ్చి వెళ్ళిన మరుసటి ఏడాదే, పక్కనున్న రూపారేల్ పరీవాహకంలో లావా కా బాస్ ఊరివాళ్ళు కట్టుకున్న ఆనకట్ట అక్రమమని, కూల్చాలని రాష్ట్ర ప్రభుత్వం పట్టుబట్టింది. ఇవాళ్టికీ అర్వరీ సంసద్‌కు చట్టబద్ధత లేదు. నియమం తప్పినవాణ్ణి అది జైలుకు పంపలేదు, జరిమానా కట్టించుకునే అధికారమూ దానికి చట్టం ఇవ్వలేదు. తోటి ఊళ్ళ ముందు నిలబెట్టి అడగడం ఒక్కటే దాని చేతిలో ఉన్న పని.