ప్రత్తి, పురుగు, చట్టము

ఏ పైరు వేయవలెనో, ఎప్పుడు తీయవలెనో నిర్ణయించుకొనుట రైతు సొంత వ్యవహారమని మన పల్లెలలో తరతరాల నమ్మకము. చెరువు నీరు ఊరిది, కాలువ వంతు పదిమందిది. కాని తన చేనిలోని మొక్కను ఏనాటికి పెరుకవలెనో చెప్పు హక్కు ఇరుగుపొరుగువారికి లేదు, సర్కారుకును లేదు. ఈ నమ్మకమును 1919లో ఒక చట్టము ప్రశ్నించినది. మద్రాసు రాజధానిలో ఆ సంవత్సరపు మూడవ చట్టముగా వచ్చిన వ్యవసాయపు చీడపీడల చట్టమే అది. ఇట్టి చట్టము చేయుటలో మన దేశమున మద్రాసుదే ముందడుగు. కోస్తా తెలుగు జిల్లాలును, దత్తమండలములును అప్పుడు ఆ రాజధానిలోనివే. కనుక ఇది మన కథ కూడ.

ఈ చట్టము పుట్టుటకు ముఖ్యకారణము ఒక మంచి మొక్క. 1904-05 ప్రాంతమున ఇండోచైనా నుండి కంబోడియా ప్రత్తి దక్షిణదేశమునకు వచ్చినది. ఇది అమెరికా జాతికి చెందినది. నాటు ప్రత్తికంటె దీని పోగు పొడవు. బావినీరు పెట్టిన నేలలో దిగుబడి ఎక్కువ. కోయంబత్తూరు ప్రాంతపు రైతులు దీనిని చేరదీసిరి. దీనికి మరియొక గుణము కలదు. మొదటి తీతలు ముగిసిన పిమ్మట పెరుకక వదలినచో, వానజల్లు పడగానే మరల చిగిర్చి, మరల కాయును. దున్నకము లేదు, విత్తనపు ఖర్చు లేదు. అయినను కొంత ప్రత్తి చేతికి వచ్చును. అప్పులో ఉన్న రైతు దానిని ఎట్లు కాదనగలడు?

రైతుకు ఆ పాతచేను అదనపు రాబడి; పురుగునకు అది ఏడాది పొడవున తెరచియుంచిన అన్నసత్రము. గులాబిరంగు కాయపురుగు సంగతి చూడుడు. రెక్కల పురుగు మొగ్గలమీదను, లేతకాయలమీదను గ్రుడ్లు పెట్టును. వెలువడిన పిల్లపురుగు కాయలోనికి తొలుచుకొనిపోయి గింజలను తినుచు పెరుగును. అది చొచ్చిన రంధ్రము పూడిపోవును. పైకి కాయ ఆరోగ్యముగనే కనబడును. లోపల దూది రంగు మారి, గింజ గుల్లయగును. పంట చివర పుట్టిన పురుగులలో అనేకము గింజలలోనే గూడు చేసికొని, కదలక మెదలక నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏడాదికి పైగ, నిద్రపోవును. చేనిలో మిగిలిన ఎండుకాయ, దొడ్డిలో వేసిన ప్రత్తికట్టె, మిల్లులో నిలువచేసిన గింజ, ఇవే దాని పడకటిండ్లు. కనుక కొన్ని వారములపాటు ఆ ప్రాంతమంతట పచ్చని ప్రత్తిమొక్క లేకుండ చేసి, ఎండుకాయలను కాల్చివేసినచో దాని సంతతి సన్నగిల్లును. కాండమును తొలుచు ముక్కుపురుగు బలము కూడ ఈ విరామముచే కొంత తగ్గును.

గింజలోని ఈ నిద్రయే పురుగును దేశదేశములు త్రిప్పినది. 1843లో సాండర్సు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీనిని తొలిసారి శాస్త్రలోకమునకు వర్ణించినపుడు ఆయనకు అందిన నమూనాలు గుజరాతులోని భరూచి ప్రాంతపువి. 1906-07 ప్రాంతమున మన దేశపు ప్రత్తితోబాటు ఇది ఈజిప్టు చేరినదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. అచ్చటి గింజలతో 1911లో మెక్సికోకును, మెక్సికో గింజలతో అమెరికాలోని టెక్సాసునకును పోయినది. 1917లో హెర్న్ అను ఊరి చెంత అది కనబడగా, ఆ ఏడే టెక్సాసు ప్రభుత్వము చట్టము చేసి, పురుగు సోకిన తావులలో ప్రత్తి వేయుటనే నిషేధించు అధికారమును తీసికొన్నది.

ఆ తొందరకు వెనుక ఒక పశ్చాత్తాపము కలదు. 1892 ప్రాంతమున కాయముక్కుపురుగు అను వేరొక శత్రువు మెక్సికో సరిహద్దు దాటి టెక్సాసులో ప్రవేశించినది. సరిహద్దు ప్రాంతమున కొంతమేర ప్రత్తిసాగును పూర్తిగ నిలుపవలెనని 1894లో టౌన్‌సెండ్ అను కీటకశాస్త్రజ్ఞుడు సలహా చెప్పెను. శాసనకర్తలు వినలేదు. సుమారు ముప్పది ఏండ్లలో ఆ పురుగు అట్లాంటికు తీరమువరకు ప్రత్తిదేశమునంతను ఆక్రమించినది.

మద్రాసు చట్టము ఇట్టి కాలమున వచ్చినది. దాని అమరిక సూటియైనది. ఏ ప్రాంతమున ఏ చీడ ప్రబలినదో ప్రభుత్వము ప్రకటించును. నివారణకు చేయవలసిన పనిని, అవసరమైనచో ఆ పైరును వేయరాని కాలమును నిర్ణయించును. తనిఖీ ఉద్యోగి చేనిలోనికి వచ్చి చూచును. రైతు ఆ పని చేయనిచో నోటీసు ఇచ్చి, తానే చేయించి, ఖర్చును భూమిశిస్తు బకాయివలె వసూలు చేయును. కంబోడియా ప్రత్తి పండు ప్రాంతమున నిర్ణీతదినములోగ పాతమొక్కను పెరుకవలెనన్న ఆజ్ఞ ఈ విధముగనే వచ్చినది.

ఇచ్చట రైతు పక్షమున ఆలోచింపక తప్పదు. ఉద్యోగి లెక్కలో అది పెరుకవలసిన మొక్క; రైతు కంటికి అది ఇంకను కాయగల మొక్క. పోవునది నేడు తన చేతిలోనిది. వచ్చు లాభము వచ్చే ఏటిది, అదియును ఊరందరిది. పైగ ఒక్కడు పెరుకక ఉంచుకొన్న నాలుగు సాళ్లు చాలును, నూరుగురు పెరికిన ఫలమును చెరచుటకు. పెరికినవాడు నష్టపడి, పెరుకనివాడు బాగుపడునను భయము ఉన్నంతకాలము ఎవడును మనస్ఫూర్తిగ పెరుకడు. కాబట్టి ఇట్టి చట్టము యొక్క ముఖ్యధర్మము శిక్షించుట కాదు; నీ పొరుగువాడును పెరుకునని ప్రతి రైతునకును హామీ ఇచ్చుట.

రెండవ ప్రపంచయుద్ధము పిమ్మట డి.డి.టి. మొదలగు మందులు వచ్చినవి. ఇక పొరుగువానితో పనిలేదు, ఎవని చేనిని వాడే కాపాడుకొనవచ్చునను ధైర్యము కలిగినది. ఆ ధైర్యము ఎంతకాలము నిలిచినదో గుంటూరు, ప్రకాశము జిల్లాలు ఎరుగును. 1984-85లో తెల్లదోమ, 1987-88లో శనగపచ్చపురుగు అచ్చటి ప్రత్తిని నాశనము చేసినవి. మందుమీద మందు కొట్టినను పచ్చపురుగు చావలేదు. పైరిత్రాయిడు మందులను అది తట్టుకొనుచున్నదని పరిశోధనలలో తేలినది. మందుల అప్పు తీర్చలేక రైతులు ప్రాణములు తీసికొనిరి. పది సంవత్సరముల పిమ్మట, 1997-98లో, వరంగల్లు జిల్లాలో అదే దుఃఖము మరల వచ్చినది.

2002లో బి.టి. ప్రత్తికి అనుమతి లభించినది. మందు ఇప్పుడు గింజలోనే ఉన్నది. దానితోబాటు ఒక నిబంధనయు వచ్చినది: చేను చుట్టు బి.టి. కాని ప్రత్తిని వేయవలెను. అచ్చట బ్రతికిన మామూలు పురుగులు, బి.టి.ని తట్టుకొన్న పురుగులతో కలిసినచో, ఆ తట్టుకొను గుణము త్వరగ ప్రబలదు. ఇందుకై 450 గ్రాముల విత్తనముతో 120 గ్రాముల వేరు పొట్లము ఇచ్చెడివారు. చాలమంది ఆ పొట్లమును పారవేసిరి. తన చేనిలో నష్టము, ఫలము ఊరందరికి. మరల అదే చిక్కు. నీటి వసతి గలవారు పంటను వేసవి వరకు పొడిగించిరి. 2010లో గుజరాతున ఒక జన్యువు గల ప్రత్తిని గులాబిపురుగు జయించినదని విత్తనసంస్థయే ప్రకటించినది. రెండు జన్యువుల ప్రత్తియు తరువాత దానికి లొంగినది. 2017-18లో మహారాష్ట్ర, తెలంగాణ రైతులు ఆ దెబ్బ తినిరి.

అమెరికాలో కథ వేరుగ ముగిసినది. 1917లో హెర్న్ చెంత ఏ పురుగు కనబడినదో, అది తమ ప్రత్తిచేలలో నిర్మూలమైనదని 2018 అక్టోబరులో ఆ దేశము ప్రకటించినది. బి.టి. ప్రత్తి, వంధ్యములగు రెక్కల పురుగులను విడుచుట, ఆకర్షక బుట్టలు, నిర్ణీతదినములోగ కట్టెను దున్నివేయుట, ఇవన్నియు రైతులు ఒక్కటై చేసిరి. వారి పెద్ద కమతముల పద్ధతి మన రెండెకరముల చేలకు అట్లే సరిపడదు. కాని మన శాస్త్రజ్ఞులు చెప్పుచున్న మాట 1919నాటి మాటయే: డిసెంబరు, జనవరిలోగ పంట ముగింపుడు, తీతలైన చేనిలో గొర్రెలను మేపి, కట్టెను తీసివేయుడు, పాతచేనిని మరల కాయనీయకుడు. ఈ మాట ఒక్కొక్క రైతునకు విడివిడిగ చెప్పినచో అది సలహా మాత్రమే. ఊరంతయు కూర్చుండి ఒక దినమును నిర్ణయించుకొని, ఆ దినమున అందరును కలిసి కట్టెను పెరికిననాడే అది ఫలించును. చెరువు కట్టకు గండి పడిననాడు ఎవని చేనో విచారింపక ఊరంతయు పరుగెత్తుట మనకు క్రొత్త కాదు. ప్రత్తిచేనికిని ఆ కట్టుబాటే కావలెను.